‘ట’ లేని మాట

రోజు 1

యూనివర్సిటీ వాళ్లిచ్చిన ఈ పుస్తకంలో రోజుకో పేజీ చేత్తో రాయాలి. కింద వార్తాశాల పెద్ద చదివి సంతకం పెట్టాలి. నలభై ఐదు రోజులు ఇలా గడిస్తే జర్నలిజం కోర్సులో ప్రాక్టికల్ అయిపోయినట్టు. మా బ్యాచిలో అందరికీ మెరక మీది ఊళ్లొచ్చాయి, నాకు ఏటిమొగ వచ్చింది. చీటీ తీసిన చెయ్యి నాదే కాబట్టి ఎవర్నీ తిట్టుకోవడానికి లేదు.

ఏటిమొగలో ఊరు కింద, సముద్రం పైన. మధ్యలో మట్టిగట్టు, గట్టుకో లాకు, లాకుకి రెండు ఇనప తలుపులు. చేపల పడవలు పోవాలన్నా రావాలన్నా ఆ తలుపుల్లోంచే. పడవ దిగి గట్టెక్కి అటు నీళ్లనీ ఇటు ఇళ్ల కప్పుల్నీ చూశాక భయమేసింది. భయమేస్తే నాకు ఆకలేస్తుంది. అమ్మ కట్టిచ్చిన మరమరాలు అక్కడే సగం అయిపోయాయి.

వార్తాశాల పెద్ద పేరు పేర్రాజు గారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నా ఉత్తరంలో ‘గెద్దాడ సువార్త’ అని చూసి, నువ్వే సువార్తవైతే చెడ్డ వార్తలు చదవడానికి ఇంకో పిల్లని పంపమని రాయాలేమో అన్నారు. నవ్వాలో వద్దో తెలియక తలూపాను.

మొదటి పని మైకు తుడవడం. రెండోది మైకు ముందు నోరు అదుపులో పెట్టుకోవడం. మైకు అవతలి కొసన చెవి అనే యంత్రం ఉంటుంది. లాకుల్నీ పంపుల్నీ గట్టుకి మట్టి తెచ్చే మట్టిపడవల్నీ నడిపేది అదే. మనం ‘నీరు పెరిగింది’ అంటే చూసి చెప్పామని నమ్మి తలుపు దించేస్తుంది. ‘నీరు పెరిగిందట’ అంటే ఊరు వింటుంది, చెవి ఊరుకుంటుంది. ట లేకుండా మాట్లాడాలంటే మాట పట్టా ఉండాలి. మాలాంటి విద్యార్థులకి నలభై ఐదు రోజుల పట్టా ఇస్తారు. పట్టా లేనివాళ్లు లైన్లో ఏం చెప్పినా చెవే వెనకాల ట తగిలిస్తుంది.

చూడకుండా చూసినట్టు చెబితే పట్టా పోతుంది, మళ్లీ జన్మలో రాదు. ఆ సంగతి పేర్రాజు గారు మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి చెప్పబోయి టీ తాగారు.

రోజు 3

ఉచ్చారణ సాధన. మా లంకల్లో ‘వచ్చిందట’ అనం, ‘వచ్చిందంట’ అంటాం. అది చెవికి ఒప్పుదలే. చిక్కల్లా మేం దాన్ని సాగదీసి ‘వచ్చిందంటా’ అంటాం. అలా సాగితే చెవికి అది ‘అంటాను’ కింద లెక్క. నేను అంటున్నాను, పూచీ నాది అని. ఒక్క దీర్ఘానికి విన్న మాట చూసిన మాటైపోతుంది. కాలేజీలో మేడమ్ నా చేత బల్ల మీద వేలితో కొట్టిస్తూ ‘అంట, అంట’ అని పొట్టిగా పలికించేది. ఇక్కడా కొడుతున్నాను. పక్క గదిలోంచి పేర్రాజు గారు, వడ్రంగిని ఎవరు పిలిచారని అడిగారు.

మొదట్లో చెవికి ట తప్ప ఇంకేం తెలిసేది కాదట. ‘రేపు చేపల వేట’ అన్నా అది పుకారే అనుకునేదట. ఇది నేను విన్నదే, అందుకే ట పెట్టి రాశాను.

రోజు 8

రోజుకి నాలుగుసార్లు గట్టు కాపర్లు ఫోన్ చేస్తారు. గట్టు పొడుగునా నంబర్లు వేసిన రాళ్లున్నాయి. ఏ రాయి దగ్గర నీరు ఎంత ఉందో వాళ్లు చెబుతారు, నేను రాసుకుని ట కలిపి బులెటిన్‌లో చదువుతాను. పది నుంచి ఇరవై దాకా రాళ్లు ఓలేటి పోలమ్మవి. ముప్ఫై ఏళ్లుగా చూస్తోంది. ఆవిడ చెప్పే ప్రతి ముక్కకీ చెవి ట తగిలిస్తుంది, ఎందుకంటే ఆవిడ చదువుకోలేదు. ‘అమ్మాయిగోరూ, పన్నెండో రాయి కాడ జానెడు పెరిగిందండి’ అని ఆవిడ అంటే నాకు ‘పెరిగిందండట’ అని వినిపిస్తుంది. నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. గట్టు మీద కూర్చున్న మనిషిది పుకారు, గదిలో కూర్చున్న నాది వార్త.

ఒకసారి గట్టు దాకా వెళ్లొస్తానన్నాను. మైకు దగ్గర ఉండటమే విలేకరి పని అన్నారు పేర్రాజు గారు. ఆయన గట్టెక్కి పదకొండేళ్లయింది. ట లేకుండా మైకులో ఒక్క మాట మాట్లాడీ అన్నేళ్లే అయింది. చూస్తే చెప్పాలనిపిస్తుంది, చెబితే తప్పు పడొచ్చు, అందుకని చూడ్డమే మానేశారు. రిటైరయ్యేదాకా ఇంకో ఐదు నెలలు ఇలాగే గడిస్తే మాట తప్పనివాళ్ల గోడ మీద ఆయన పేరు చెక్కుతారు. ఇంట్లో కూడా ‘కూరలో ఉప్పెక్కువైందట’ అంటారని ఊళ్లో చెప్పుకుంటారు.

(ఈ పేజీ పక్కన ఆయన ఎర్ర పెన్నుతో ‘చివరి వాక్యం అనవసరం’ అని రాసి సంతకం పెట్టారు.)

రోజు 14

కోర్సు నిబంధన ప్రకారం నలభై ఐదు రోజుల్లో కనీసం ఒక్క సొంత మాట చెప్పాలి. ఇవాళ చెప్పాను. వానకి వార్తాశాల గుమ్మం ముందు నీళ్లు నిలిచాయి. రెండుసార్లు వెళ్లి చూశాను, చెప్పు విడిచి కాలు పెట్టి మరీ చూశాను. మైకు ముందు కూర్చుని, ‘వార్తాశాల గుమ్మం ముందు మడమ లోతు నీళ్లు నిలిచాయి’ అన్నాను. మూడు నిమిషాల్లో వీధి చివర పంపు దానంతటదే మొదలై నీళ్లన్నీ లాగేసింది.

నా మాటకి ఒక యంత్రం కదిలింది. ఆ సంతోషం ఎంతుందంటే సాయంత్రం దాకా ఆ పొడి నేలని చూస్తూనే ఉన్నాను. పెద్ద వార్తలు ఇలాగే చెప్పగలిగితే చాలు, ఈ బతుకుకి ఇంకేం అక్కర్లేదు అనుకున్నాను. పేర్రాజు గారు అభినందించలేదు. అలవాటు చేసుకోకు అన్నారు.

రోజు 22

పొద్దుటి ఫోన్‌లో పోలమ్మ, పద్నాలుగో రాయి దగ్గర గట్టు లోపలి వైపు ఊట దిగుతోందని చెప్పింది. బొటనవేలంత చోట చెమ్మట. బులెటిన్‌లో ట పెట్టి చదివాను. ఎవరూ ఏమీ అనలేదు.

రోజు 24

మళ్లీ చెప్పింది. చెమ్మ అరచెయ్యంత అయిందట. మళ్లీ చదివాను. తనిఖీ వాళ్లని పిలవమని పేర్రాజు గారిని అడిగితే, వినికిడి మీద తనిఖీ రాదు, చూసినవాళ్ల మాట ఉండాలి అన్నారు. నేను వెళ్లి చూసొస్తానన్నాను. తప్పు చూస్తే? అన్నారు. మంచు నీళ్లో ఊట నీళ్లో నీకెలా తెలుస్తుంది, నెల కూడా కాలేదు నువ్వొచ్చి అన్నారు. నిజమే కదా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకు కోపమొచ్చింది. మరమరాలు ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడు బెల్లం ముక్కలు నములుతున్నాను.

రోజు 26

ఇవాళ్టి పేజీ మూడుసార్లు చించి మళ్లీ రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున ఈదురుగాలి. పడవలు తెల్లవారకముందే వేటకి వెళ్లిపోయాయి. పదకొండు పడవలు. అందులో ఒకటి పోలమ్మ కూతురు నాగవేణిది. పదకొండు గంటలకి పోలమ్మ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో ఎప్పుడూ లేని కంగారు. ఊట ధార కట్టిందని చెప్పింది. పన్నెండు గంటల బులెటిన్ నాదే. కాగితం మీద ‘దిగుతోందట’ అనే రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది.

మైకు ముందు మాత్రం నా నోట్లోంచి, ‘పద్నాలుగో రాయి దగ్గర గట్టులోంచి ధారగా ఊట దిగుతోందంటా’ అని వచ్చింది. కంగారులో కాలేజీ భాష ఎగిరిపోయి మా అమ్మ భాష మిగిలింది. దీర్ఘం ఎంతుందో నా చెవులతో నేనే విన్నాను.

అది పొరపాటేనా? మధ్యాహ్నం నుంచీ నన్ను నేను అదే అడుగుతున్నాను. పొరపాటే. కానీ ఆ దీర్ఘం నోట్లోంచి జారుతుంటే ఆపడానికి నేనేం తొందరపడలేదు. ఆ అర క్షణంలో ‘పోనీ’ అనుకున్నట్టు గుర్తు. అనుకున్నానో, అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానో తెలీదు.

బులెటిన్ పూర్తవకముందే లాకు కూత వినిపించింది. తలుపులు దిగిపోయాయి. పడవలన్నీ బయటే ఉన్నాయి.

పోలమ్మ ఫోన్. ఊట సంగతి చెప్పమన్నాను గానీ పడవలు రాకుండా తలుపు దించమన్నానా, లాకు బయట అలలు మనిషెత్తు లేస్తున్నాయి, పడవలు రాతిగోడకి కొట్టుకుంటున్నాయి అని అరిచింది. చెవి ప్రతి వాక్యానికీ ట తగిలిస్తూనే ఉంది. ‘కొట్టుకుంటున్నాయండట’ అని ఏడుస్తున్న మనిషిని మొదటిసారి విన్నాను.

పేర్రాజు గారు తలుపు గడియ పెట్టి నా ఎదురుగా కూర్చున్నారు. అప్పుడాయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

“పొద్దున్నే గట్టు మీదికెళ్లి చూసొచ్చానని చెప్పు. రేపు తనిఖీ వాళ్లొస్తారు. ఊట వాళ్లకి కనిపిస్తుంది. నీ మాట నిజమైపోతుంది. నిజమైన మాటని ఎప్పుడు చూశావని ఎవరూ అడగరు.”

పడవల సంగతేమిటని అడిగాను. రేపటిదాకా లంగరేసుకుంటాయి, వాళ్లకిది కొత్తా అన్నారు. అంటూనే కిటికీ వైపు చూశారు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది.

ఇంకో దారి సవరణ. చెప్పిన మనిషే మైకు ముందుకొచ్చి, చూడలేదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న నిమిషంలో చెవి ఆ మాటని రద్దు చేసి తలుపు లేపుతుంది. మాటతో పాటు పట్టా కూడా రద్దు చేస్తుంది. మా పాఠ్యపుస్తకంలో సవరణ మీద పన్నెండు పేజీలున్నాయి. అన్నీ పరీక్ష కోసం బట్టీ పట్టాను. కుర్చీలోంచి లేవడం ఇంత కష్టమని మాత్రం అందులో లేదు.

పావుగంట కూర్చున్నాను. దాచకుండా రాయాలి కాబట్టి రాస్తున్నాను, పూర్తి పావుగంట. పడవల గురించి ఆలోచించలేదు. గుమ్మం ముందు ఆ పొడి నేల గురించి ఆలోచించాను. తర్వాత లేచి మైకు దగ్గరికెళ్లి, “పద్నాలుగో రాయి దగ్గర ఊట నేను చూడలేదు. పోలమ్మ చూసి చెప్పింది. తప్పు నాది” అన్నాను.

తలుపులు లేచాయి, దారిలో ఉన్న మట్టిపడవలు వెనక్కి తిరిగాయి. పది పడవలు వరసగా లోపలికొచ్చాయి. పదకొండోది నాగవేణిది. నేను కూర్చున్న ఆ పావుగంటలోనే అది గోడకి కొట్టుకుని, తోయబోయిన నాగవేణి కుడి చెయ్యి నలిగింది. రెండు వేళ్లు పోయాయి.

ఈ పేజీ పేర్రాజు గారి ముందు పెట్టాను. చదివారు. సంతకం పెట్టకుండా పుస్తకం మూసి నాకిచ్చేశారు.

రోజు 27

పట్టా రద్దయినట్టు కాగితం వచ్చింది. మిగతా రోజులు హాజరైతే హాజరు వేస్తారట, పాసు మాత్రం కానట. అమ్మకి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పాను. అటువైపు ‘బాగానే ఉన్నానట’ అని వినిపించింది కాబోలు. అమ్మ అన్నం తిన్నావా అని అడిగింది. తిన్నానట.

ఆస్పత్రికెళ్లి నాగవేణిని చూశాను. నా కంటే రెండేళ్లు పెద్దది. చేతికి కట్టు. క్షమించమని అడగడానికి వెళ్లి ఊరికే నిలబడిపోయాను. నేనెవరో పక్క మంచం వాళ్లు చెప్పారు. ఆమె నన్ను తిట్టలేదు. ఎడం చేత్తో వల అల్లడం ఎన్నాళ్లకి వస్తుందో అని డాక్టరుని అడుగుతోంది. తిడితే బాగుండేది.

మధ్యాహ్నం ఇంకో సంగతి తెలిసింది. ఒకసారి సవరణ పడ్డ విషయాన్ని, పట్టా ఉన్న మనిషి చూసి చెబితే తప్ప, చెవి నెల రోజులదాకా అబద్ధం కింద లెక్కేస్తుంది. పద్నాలుగో రాయి గురించి ఇక వినికిడి కూడా బులెటిన్‌లోకి పోదు. పోలమ్మ పొద్దున చెప్పిన ముక్కని చెవి మధ్యలోనే కత్తిరించేసింది. పన్నెండో రాయి, పదమూడు, పదిహేను. పద్నాలుగో రాయి అనేదే లేదు.

మొన్నటిదాకా ఆ ఊటని ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టించుకోకూడదని నేనే రాసిచ్చినట్టయింది. ఎల్లుండి పౌర్ణమి. మధ్యాహ్నం పెద్ద పోటు.

రోజు 28

పొద్దున్నే ఎవర్నీ అడక్కుండా గట్టెక్కాను. ఇక నాకు పోయేదేముంది.

పోలమ్మ పద్నాలుగో రాయి దగ్గరే కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖం తిప్పేసుకుంది. కాసేపటికి తనే, “రండి, వచ్చేరు గదా, సూడండి” అంది. గట్టు లోపలి వాలులో గడ్డి పక్కకి తీసి చూపించింది. వేలు దూరేంత కన్నం, అందులోంచి సన్నటి ధార. మంచు నీళ్లు కావు. నాకు కూడా తెలిసిపోయింది.

“నిన్న తేటగా వచ్చిందండి. ఇయ్యాల బురదొత్తంది. తేటగా ఒత్తే నీళ్లు ఊరుతున్నాయని. బురదొత్తే గట్టుని లోపల్నించి తినేత్తన్నాయని. ఆయ్, మా అమ్మ సెప్పేది.”

దోసిట్లో పట్టాను. అడుగున మట్టి పేరుకుంది. వార్తాశాల నుంచి తెచ్చుకున్న చేతి మైకు తీసి, ‘పద్నాలుగో రాయి దగ్గర బురద నీరు దిగుతోంది, నేను చూస్తున్నాను’ అన్నాను. అలవాటు కొద్దీ అన్నాను. చెవి దాన్ని తీసుకోనే లేదు. మొన్న చూడకుండా చెబితే ఇనప తలుపులు దిగాయి. ఇవాళ చేతిలో పట్టుకుని చెబుతున్నా గాలికి పోయింది. అరవాలనిపించింది. అరిచాను కూడా. పోలమ్మ మట్టి ముద్ద చేసి కన్నంలో కుక్కుతూ ఉంది. ధార పక్కనుంచి దారి చేసుకుంది.

ఊళ్లో పట్టా ఉన్న మనిషి ఇంకొక్కరే ఉన్నారు. పక్క వార్తాశాల రెండు రోజుల ప్రయాణం.

పరిగెత్తుకుంటూ వెళ్లాను. కాళ్లకి బురద, గదంతా అడుగులు. పేర్రాజు గారికి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ఒకసారి అబద్ధమని తేలిన మాట మళ్లీ చెప్పాలంటే రెండింతలు ప్రమాదమని, పొరపాటున తనిఖీలో వేరే తేలితే తన ముప్ఫై ఏళ్ల మాట మట్టిలో కలుస్తుందని, ఐదు నెలలే ఉందని అన్నారు. గట్టు మట్టిలో కలిస్తే గోడ ఎక్కడుంటుంది సార్ అన్నాను. నోరు జారానని భయపడ్డాను, కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ గోడ కూడా గట్టు కిందే, ఊళ్లోనే ఉంది.

“నీ మాట నమ్మి నేను చెప్పలేనమ్మా.”

“నన్ను నమ్మొద్దు సార్. వచ్చి చూడండి.”

ఆయన ఈ పుస్తకం అడిగారు. ఇరవై ఆరో రోజు పేజీ తీశారు. తను నాకు అబద్ధం నేర్పిన పేజీ. మళ్లీ మొత్తం చదివి, కింద సంతకం పెట్టారు. తారీకు వేశారు. గొడుగు తీసుకుని ఇంటికి వెళ్లిపోయారు. వస్తారో రారో చెప్పలేదు.

పోలమ్మా నేనూ చీకటి పడేదాకా మట్టి మోశాం. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి చెప్పాను. కొందరు పిల్లల్ని తీసుకుని మెరక వైపు వెళ్లారు. ఎక్కువ మంది, మొన్న చెప్పింది నువ్వే కదా అన్నారు. నిజమే, నేనే.

రోజు 29

పొద్దున ఎనిమిదికి కన్నం రెండు వేళ్ల వెడల్పు. తొమ్మిదికి పోలమ్మ తన గుడిసెలోంచి ముఖ్యమైనవి మూట కట్టి తెచ్చుకుంది. పోటు పన్నెండున్నరకి. పడవలన్నీ ఇవాళ లోపలే ఉన్నాయి, అదొక్కటే ధైర్యం. తలుపులు దిగి మట్టిపడవలు వస్తే గట్టు నిలుస్తుందని పోలమ్మ లెక్క. నేను దారి వైపు చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాను.

పదిన్నరకి గొడుగు కనిపించింది. గాలికి తిరగబడిన గొడుగు, దాని వెనక పేర్రాజు గారు. ఇస్త్రీ చొక్కా, ఆఫీసు చెప్పులు. గట్టు వాలు దగ్గర ఆగిపోయారు. ఎక్కలేకపోతున్నారని చెయ్యిచ్చాను. పట్టుకున్నారు. పైకి వచ్చి సముద్రం చూశారు. ఇంత దగ్గరికొచ్చిందా అని తనలో తను అనుకున్నారు.

పోలమ్మ గడ్డి పక్కకి తీసింది. ఆయన పంచె బురదలో ఆనుతున్నా పట్టించుకోకుండా మోకాళ్ల మీద కూర్చున్నారు. ధార కింద చెయ్యి పెట్టారు. మట్టిని వేళ్ల మధ్య నలిపారు. నాలిక మీద చుక్క వేసుకుని ఉమ్మేశారు. సముద్రపు ఉప్పు. రాయి మీద నంబరు తుడిచి పద్నాలుగేనని చూసుకున్నారు. ఇవన్నీ మా పుస్తకంలో ఉన్నవే. ఒక మనిషి చేస్తుండగా మాత్రం ఇదే చూడటం.

చేతి మైకు అందించాను. గొంతు సవరించుకున్నారు.

“ఏటిమొగ నుంచి పేర్రాజు. పద్నాలుగో రాయి దగ్గర గట్టులోంచి బురద నీరు దిగుతోందట.”

కూత రాలేదు. చెవి ఆ మాటని పక్కన పడేసింది. తను ఏమన్నారో ఆయనకి తెలియలేదు. ఎందుకు కూత రాలేదన్నట్టు నా వైపు చూశారు. పదకొండేళ్లుగా ప్రతి వాక్యం చివరా ఆ ట దానంతటదే వచ్చి కూర్చుంటోంది.

పోలమ్మే అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

“ఎవరు సెప్పేరండి మీకు?”

ఆయన తన చేతి వైపు చూసుకున్నారు. బురద మోచేతి దాకా కారుతోంది. మళ్లీ మైకు ఎత్తారు. ఒక్కొక్క మాటా విడివిడిగా, కొత్తగా మాటలు నేర్చుకుంటున్నవాడిలా పలికారు.

“దిగుతోంది. నేను చూశాను.”

కూత మొదలైంది. లాకు తలుపులు కదిలిన చప్పుడు గట్టులోంచి నా పాదాలకి తెలిసింది. కాలవ చివర మట్టిపడవలు తాళ్లు విప్పుకుని బయల్దేరాయి. పోలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మోయడానికి నలుగుర్ని కేకేస్తానని వెళ్లింది.

నేను ఏడ్చాను. సంతోషంతో అని రాస్తే అబద్ధం. గట్టు నిలుస్తుందన్న నిశ్చింత ఉంది, కాదనను. కానీ ఆ రెండు ముక్కలూ నావి. వాటికోసమే నేను ఈ చదువు చదివాను, నిన్న ఇదే చోట వాటిని అన్నాను కూడా. ఇక బతికినన్నాళ్లూ అవి వేరేవాళ్ల నోట వినాలి. అసూయతో నా ఒళ్లు మండిపోయింది. ఆయనకి అర్థమైనట్టుంది. నా ముఖంలోకి చూడలేదు, ఓదార్చలేదు. పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. మొదటి బస్తా వచ్చేదాకా ఇద్దరం ఆ కన్నానికి అరచేతులు అడ్డుపెట్టి కూర్చున్నాం. నీళ్లు చల్లగా ఉన్నాయి.